తప్పు లైనుది కాదు, తోటలోని పెట్టెది

సంపాదకులకు నమస్కారం.

ఇంట్లో ఇంటర్నెట్ నెమ్మదిస్తే ఏం చేయాలో చెబుతూ మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం, రూటర్‌ను ఒకసారి ఆపి మళ్లీ వేయమని, అప్పటికీ దారికి రాకపోతే ఎక్కువ వేగమున్న ప్లాన్‌కు మారమని సలహా ఇచ్చింది. ఆ రెండూ చేసి, రెండోదానికి నెలనెలా అదనంగా డబ్బు కట్టి కూడా ఏ ఫలితమూ చూడని పాఠకుడిగా ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను జర్మనీలో మ్యూనిక్ శివార్లలో ఉంటాను. పెరటి పచ్చికను తనంతట తానే కత్తిరించే రోబో యంత్రాలు మా వీధిలోనే నాలుగున్నాయి. కిందటి వసంతంలో మేమూ ఒకటి కొన్నాం. చుట్టూ తీగ పాతే పాత పద్ధతికి బదులు ఇది ఉపగ్రహ సంకేతాలతో దారి పోల్చుకుంటుంది. ఆ సంకేతాల్లో మీటర్ల మేర ఉండే తేడాను రెండు మూడు సెంటీమీటర్లకు తగ్గించడానికి తోటలో ఒక బేస్ స్టేషన్ కదలకుండా నిలబడి సవరణలను పంపుతూ ఉంటుంది. అది పంపవలసిన సమాచారం అత్యల్పం; ఒక వీడియో కాల్‌తో పోలిస్తే లెక్కలోకి రాదు.

అది వచ్చిన రెండు వారాలకే గుంటూరులోని అమ్మతో మాట్లాడుతుండగా బొమ్మ నిలిచిపోవడం మొదలైంది. ఇంటర్నెట్ కంపెనీవారు లైను పరీక్షించి, లోపమేమీ లేదన్నారు. యంత్రాన్ని నేను అనుమానించకపోవడానికి ఒక కారణం ఉంది. ఇక్కడి నివాస ప్రాంతాల్లో ఆదివారాలు పచ్చిక కోసే యంత్రాలను నడపకూడదు, రోబోలకూ ఆ నిబంధన వర్తిస్తుంది. మా ఇంట్లో నెట్ అన్నిటికన్నా అధ్వానంగా ఉన్నది ఆదివారాలే. యంత్రం పడుకున్నా బేస్ స్టేషన్ పడుకోదన్న సంగతి నాకు తట్టలేదు.

ఆధారం ప్రింటర్ దగ్గర దొరికింది. పక్క గదిలోని ప్రింటర్‌కు ఒక పేజీ పంపడానికి బయటి ఇంటర్నెట్‌తో పని లేదు, అయినా పది నిమిషాలు పట్టింది. రూటర్ సెట్టింగుల పేజీ కూడా తెరుచుకోలేదు. అంటే జబ్బు లైనులో లేదు, ఇంటి లోపలే ఉంది. అందరూ నిద్రపోయాక కూడా రూటర్ దీపాలన్నీ ఆగకుండా మినుకుమంటుంటే కేబుళ్లను ఒక్కొక్కటిగా పీకాను. తోటకు వెళ్లే కేబుల్ తీసిన మరుక్షణం దీపాలు నెమ్మదించాయి.

జరిగింది ఇది. మొదట అమర్చేటప్పుడు బేస్ స్టేషన్‌కు వైఫై పాస్‌వర్డ్ ఇచ్చాను. తోట చివర సిగ్నల్ అందడం లేదని తరువాత కేబుల్ కూడా వేశాను. ఆ పెట్టె రెండు దారులనూ కలిపేసి, కేబుల్‌లో వచ్చిన దాన్ని వైఫైలోకి, వైఫైలో వచ్చిన దాన్ని కేబుల్‌లోకి తిరిగి పంపసాగింది. ‘ఈ చిరునామా ఎవరిది?’ అని ఇంట్లోని పరికరాలన్నిటినీ ఉద్దేశించి వేసే పిలుపు ఒక్కటి చాలు, అది ఆ వలయంలో పడి తిరుగుతూనే ఉంటుంది. ఇంటర్నెట్‌లో సమాచారం ముక్కలుగా వెళ్లే ఒక్కో ప్యాకెట్‌కు ఎన్ని మజిలీలు దాటవచ్చో పరిమితి రాసి ఉంటుంది. ఇంటి లోపలి పరికరాలను కలిపే ఈథర్‌నెట్ పద్ధతిలో వేసే పిలుపుకు అలాంటి గడువు లేదు. పైగా అందరికీ వేసే పిలుపులను వైఫై తన అతి తక్కువ వేగాల్లో పంపుతుంది కనుక, కొద్దిపాటి వరదే గాలినంతటినీ ఆక్రమిస్తుంది. ఇలాంటి వలయాలను పసిగట్టి తెంచే స్పానింగ్ ట్రీ పద్ధతిని కంప్యూటర్ శాస్త్రవేత్త రేడియా పెర్ల్‌మన్ 1985లోనే రూపొందించారు. ఆఫీసుల్లో కేబుళ్లను కలిపే నెట్‌వర్క్ స్విచ్‌లలో అది మామూలే గానీ, చాలా ఇళ్ల రూటర్లలో పనిచేయదు.

యాప్‌లో వైఫైని తీసేస్తే బాగుపడింది, కానీ ఒక సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ తరువాత అదే తిరిగి ఆన్ అయింది. తయారీదారుకు రాస్తే, రూటర్‌ను మార్చమని జవాబు వచ్చింది! చివరికి కేబుల్ తీసేసి, తోటవైపు గోడకు వైఫై సిగ్నల్‌ను అందుకుని ముందుకు పంపే ఒక రిపీటర్ పెట్టి, స్టేషన్‌ను అతిథులకిచ్చే గెస్ట్ వైఫైలో మాత్రమే ఉంచాను.

ఇది విదేశాల పచ్చిక గోల అని మీ పాఠకులు అనుకోవద్దని మనవి. హైదరాబాదులోనో విజయవాడలోనో స్మార్ట్ టీవీకీ, సీసీ కెమెరాల రికార్డరుకూ కేబుల్, వైఫై రెండూ ఇచ్చిన ఇళ్లు ఎన్నో ఉన్నాయి. అలా ఇచ్చిన ప్రతి పరికరమూ పాడుచేస్తుందని కాదు. రెండింటినీ కలిపే గుణమున్నది ఒక్కటి ఉంటే చాలు. ఐరోపా సమాఖ్య 2024లో ఆమోదించిన సైబర్ రెజిలియన్స్ చట్టం, ఒక పరికరం ఇతర పరికరాల, నెట్‌వర్క్‌ల సేవలకు కలిగించే అంతరాయాన్ని వీలైనంత తగ్గించాలని తయారీదారును ఆదేశిస్తోంది; ఆ నిబంధన 2027 డిసెంబరు 11 నుంచి వర్తిస్తుంది. మన దేశంలో అమ్మే పరికరాలకూ అటువంటి షరతు ఉండాలని కోరడం అత్యాశ కాదు.

ఈలోగా, ప్లాన్ పెంచుకోమని చెప్పే ముందు రూటర్ సెట్టింగుల పేజీ వెంటనే తెరుచుకుంటోందో లేదో చూసుకోమని ఆ వ్యాసకర్త తదుపరి సంచికలో ఒక వాక్యం చేర్చగలరా?

భవదీయుడు,
ఒక ప్రవాస పాఠకుడు, మ్యూనిక్