పెద్దలకు పౌండు లెక్క, పిల్లలకు కాపీ లెక్క

సంపాదకులకు,

19వ శతాబ్దపు అమెరికాలో పత్రికలకు తపాలా ఖర్చు నామమాత్రమేనని పత్రికా చరిత్ర మీద వచ్చే వ్యాసాల్లో తరచూ కనిపిస్తుంది. పెద్దలు నడిపిన పత్రికల వరకు అది నిజం. పిల్లలు సొంతంగా అచ్చు వేసుకున్న పత్రికల సంగతి వేరు. ఆ తేడాను సెంట్లలో లెక్క కట్టి చూస్తే గానీ వాళ్లకు జరిగిన అన్యాయం ఎంతో తెలియదు.

అంతర్యుద్ధం ముగిశాక అక్కడ బల్ల మీద పెట్టుకునే చిన్న చేతి ప్రెస్సులు అమ్మకానికి వచ్చాయి. బోస్టన్‌లో బెంజమిన్ వుడ్స్, కనెక్టికట్‌లోని మెరిడెన్‌లో విలియం కెల్సీ వీటిని పిల్లలకూ అమ్మేవారు. పదిహేనేళ్లకు అటూ ఇటూ ఉన్నవాళ్లు టైపు కూర్చుకుని, నాలుగేసి పేజీల పత్రికలు తీశారు. 1876 జులైలో ఫిలడెల్ఫియాలో వీళ్లంతా కలిసి జాతీయ సంఘం కూడా పెట్టుకున్నారు. ఈ పత్రికలకు ప్రాణం ఇచ్చిపుచ్చుకోవడం. ఒక ఊరి కుర్రాడు తన పత్రికను దేశంలోని మిగతా బాల సంపాదకులకు పంపితే, వాళ్లు తమ పత్రికలను అతనికి పంపేవారు. వాళ్ల పాఠకుల్లో ఎక్కువమంది తోటి సంపాదకులే.

పెద్ద పత్రికలకు ఈ మార్పిడి 1792 నాటి చట్టం నుంచీ ఉచితం. ఒక సంపాదకుడు ఇంకో సంపాదకుడికి పంపే ప్రతికి తపాలా రుసుము ఉండేది కాదు. ఆ సదుపాయాన్ని 1873లో తీసేశారు. సరిగ్గా పిల్లల పత్రికలు జోరందుకుంటున్న రోజులవి. 1875 జనవరి నుంచి పత్రికలను మొత్తంగా తూచి, ప్రచురించేవారి నుంచే ముందుగా రుసుము వసూలు చేయడం మొదలైంది. వారానికి ఒకసారి గానీ అంతకంటే తరచుగా గానీ వచ్చేవాటికి పౌండుకు 2 సెంట్లు, మిగతావాటికి 3 సెంట్లు. 1879 మార్చి 3 నాటి చట్టం అన్నిటికీ 2 సెంట్లే చేసి, వాటిని ‘రెండో తరగతి’ అంది. 1885 జులైలో అది 1 సెంటుకు దిగింది.

1870ల చివర తపాలా శాఖ పిల్లల పత్రికలకు ఈ పౌండు రేటు నిరాకరించి, ఇతర అచ్చు కాగితాలు వెళ్లే మూడో తరగతిలోకి నెట్టింది. అక్కడ రెండు ఔన్సులకు 1 సెంటు. పౌండుకు పదహారు ఔన్సులు కాబట్టి 8 సెంట్లు, అంటే నాలుగు రెట్లే కదా అనిపిస్తుంది. చాలామంది ఇక్కడే పొరబడతారు. రెండో తరగతిలో కట్టలన్నీ కలిపి తూచేవారు. మూడో తరగతిలో ఏ కాపీకి ఆ కాపీయే, రెండు ఔన్సులకు ఎంత తక్కువ ఉన్నా పూర్తి సెంటు కట్టాల్సి వచ్చేది. చుట్టుకాగితంతో కలిపి అర ఔన్సు తూగే నాలుగు పేజీల పత్రికను తీసుకోండి. వంద కాపీలు 3 పౌండ్ల 2 ఔన్సులు. రెండో తరగతిలో 6.25 సెంట్లు చాలు. మూడో తరగతిలో ఒక డాలరు. నిజమైన తేడా పదహారు రెట్లు. 1885 తర్వాత పెద్దలకు రేటు సగమైంది, పిల్లలకు సెంటు సెంటుగానే ఉంది. తేడా ముప్పై రెండు రెట్లకు పెరిగింది. పత్రిక ఎంత చిన్నదైతే దెబ్బ అంత పెద్దది. మాసపత్రికకు ఏడాది చందా 25 సెంట్లు అనుకుంటే, అందులో 12 సెంట్లు తపాలాకే పోతాయి.

రెండో తరగతికి చట్టం పెట్టిన షరతుల్లో చాలావాటిని శ్రద్ధ ఉన్న పిల్లవాడు తీర్చగలడు. ఏడాదికి కనీసం నాలుగు సంచికలు, ప్రతిదాని మీద తేదీ, వరుస సంఖ్య, అందరికీ తెలిసిన ప్రచురణ చిరునామా, అట్ట బైండింగు లేని అచ్చు కాగితాలు, ప్రజలకు పనికొచ్చే సమాచారమో సాహిత్యమో. చివరి రెండు షరతుల దగ్గరే తిప్పలు. ‘సక్రమమైన చందాదారుల జాబితా’ ఉండాలి. ఉచితంగా గానీ నామమాత్రపు ధరకు గానీ పంచడం ముఖ్యోద్దేశం కాకూడదు. వ్యాపార ప్రకటనల కరపత్రాలు పత్రికల వేషంలో చవకగా పోకుండా పెట్టిన అడ్డుకట్ట ఇది. అది అవసరమే. కానీ ప్రతికి ప్రతి ఇచ్చుకునే బాల సంపాదకుడికి డబ్బు కట్టే చందాదారులు ఎందరుంటారు? ఏ సరుకూ అమ్మని పిల్లలు, సరుకు అమ్మేవాళ్ల కోసం పన్నిన వలలో చిక్కారు. పిల్లల కోసం పెద్దలు నడిపిన ‘యూత్స్ కంపానియన్’, ‘సెయింట్ నికొలాస్’ లాంటి వాటికి చందాదారులు దండిగా ఉన్నారు కాబట్టి ఆ ఇబ్బంది లేదు.

ప్రచురించే కౌంటీ (మన జిల్లా లాంటిది) లోని చందాదారులకు ఒక్కో కాపీ ఉచితంగా పంపే వీలు ఉండేది. అదీ రెండో తరగతి పత్రికలకే. పైగా పిల్లల మార్పిడి రాష్ట్రాలు దాటి సాగేది. పత్రిక అంచున పెన్నుతో రెండు మాటలు రాస్తే, అది ఉత్తరం కింద లెక్కకొచ్చి, 1883 దాకా అర ఔన్సుకు 3 సెంట్లు పడేవి. ఒక వాక్యం పక్కన గీత గీయవచ్చు, అచ్చుతప్పు దిద్దవచ్చు, పలకరింపు మాత్రం రాయకూడదు. కొత్త స్నేహితుడికి పత్రిక పంపే పిల్లవాడికి అదెంత కష్టమో ఊహించవచ్చు.

విడికాపీని ఒక్కొక్కటిగా చేరవేయాలంటే శ్రమ ఉంటుంది కదా అనే వాదన ఉంది. పౌండు రేటు పత్రికలనూ చివరికి ఒక్కొక్కటిగానే ఇళ్లకు చేర్చాలి, వాటికి ఆ శ్రమను లెక్కించలేదు. చందాదారుల నిబంధన జోలికి పోకుండానే న్యాయం చేసే దారి ఒకటి ఉంది. మూడో తరగతి రేటునే ఉంచి, ఒకే సంచిక కాపీలను కలిపి తూచి ఉంటే సరిపోయేది. పైన చెప్పిన వంద కాపీలకు డాలరుకు బదులు 25 సెంట్లు అయ్యేది. మూడో తరగతికి మొత్తంగా తూచే రేటు 1928లో గానీ రాలేదు. అందులోనూ కాపీకి కనీసం ఒక సెంటు అన్న షరతు అలాగే ఉంది.

ఇకపై ఆ కాలపు తపాలా రాయితీల గురించి మీ పత్రికలో వ్యాసం వస్తే, ‘పత్రికలన్నిటికీ’ అని కాక ‘చందాదారుల జాబితా చూపగలిగిన పత్రికలకు’ అని వేయించవలసిందిగా కోరుతున్నాం.

భవదీయులు,
తపాలా చరిత్ర అధ్యయనం చేసే కొందరు పాఠకులు