ముక్క పరీక్ష (బయాప్సీ) గురించి భయపడకు, చిట్టీ

చిట్టితల్లికి అమ్మ దీవెనలు.

రాత్రి ఫోన్లో "నోట్లో ముక్క కోస్తారా అమ్మా? నీకు షుగర్ ఉంది కదా, పుండు మానుతుందా?" అని ఒకటే గాభరా పడ్డావు. నాన్న పక్కనే ఉన్నారని వివరంగా చెప్పలేకపోయాను. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

వేడి చేసిందని నెలల తరబడి బీ కాంప్లెక్స్ మింగించిన నోటిపూత, అసలు మామూలు పూతే కాకపోవచ్చంటోంది ఈ డాక్టరమ్మ. వీపు మీద కూడా బొబ్బలు లేచేసరికి పెంఫిగస్ అని అనుమానించింది. రోగక్రిములతో పోరాడాల్సిన మన యాంటీబాడీలే డెస్మోగ్లీన్ అనే ప్రోటీన్ మీద పడతాయట. చర్మకణాలను ఒకదానికొకటి పట్టి ఉంచేది అదే. ఆ పట్టు వదిలితే నీరు చేరి బొబ్బ లేస్తుంది. అంటువ్యాధి కాదు. మీ పిన్ని నా గ్లాసు విడిగా పెడుతోంది, నువ్వే నచ్చజెప్పు.

ఇంతవరకూ కత్తి పెట్టలేదు. పగిలిన బొబ్బ అడుగున మెల్లగా గీకి, స్లైడు మీద పూసి, రంగు వేసి మైక్రోస్కోపులో చూశారు. దీన్ని జాంక్ స్మియర్ అంటారు. విడిపోయి గుండ్రంగా మారిన కణాలు కనిపించాయి. దాంతో అనుమానం బలపడింది గానీ ఖాయం కాలేదు. అందుకని ఎలైసాకి, అంటే యాంటీబాడీలను కొలిచే పరీక్షకి, రక్తం తీసుకున్నారు. నోటికే పరిమితమైతే ఎక్కువగా డెస్మోగ్లీన్ 3 అనే రకం మీద యాంటీబాడీలు ఉంటాయి, ఒంటికీ పాకితే డెస్మోగ్లీన్ 1 మీద కూడా. పెంఫిగస్ రోగుల రక్తంలో యాంటీబాడీలు ఉంటాయని 1964లోనే అమెరికాలో బ్యూట్నర్, జోర్డన్ అనేవాళ్లు చూపించారు.

నాకు ఆశ్చర్యం వేసింది వెంట్రుకల పరీక్ష చూసి. చిన్న పట్టకారుతో తలలోంచి కొన్ని వెంట్రుకలు కుదురుతో సహా లాగింది. కుదురు చుట్టూ తెల్లటి తడిపొర అంటుకుని వచ్చినవే పనికొస్తాయట. అలా రాని ఒకదాన్ని పక్కన పడేసి ఇంకోటి లాగింది. చర్మంలో ఉండే ప్రోటీన్లే ఆ పొరలోనూ ఉంటాయి. యాంటీబాడీలు అక్కడ అతుక్కుని ఉంటే, మెరిసే రంగు వేసినప్పుడు ఆకుపచ్చగా వల అల్లినట్టు కనిపిస్తాయి. చీమ కుట్టినంత నొప్పి కూడా లేదు.

అయితే ఒక్క మాట. ఈ రిపోర్టుల్లో ఏమీ తేలకపోయినా, ఒకదానికొకటి పొంతన కుదరకపోయినా ముక్క తీయాల్సిందే. అప్పుడు నువ్వు అడ్డు చెప్పొద్దు. మత్తు సూది వేసి కొన్ని మిల్లీమీటర్లే తీస్తారు. బొబ్బ అంచున ఒకటి, బొబ్బ పక్కన బాగున్న చర్మంలో ఒకటి. రెండోదాన్ని, ముక్క చెడకుండా ఉంచే మందునీరు ఫార్మలిన్‌లో వేస్తే యాంటీబాడీల పరీక్షకు పనికిరాదు. నువ్వు నా పక్కన ఉంటే ఆ సంగతి ఒకసారి అడిగి నిర్ధారించుకో. ఆ తర్వాత జబ్బు తగ్గుతోందా లేదా అన్నది నోరు, ఒళ్లు చూసి, అవసరమైతే రక్తపరీక్ష చేసి చెబుతారు. మాటిమాటికీ కోయరు.

రిపోర్టు రాగానే వాట్సాప్‌లో పెడతాను. ఈలోగా సెలవు పెట్టి పరిగెత్తుకుని రావద్దు. ఈ జబ్బుకి మందుగా స్టెరాయిడ్ మొదలుపెడితే షుగర్ పెరుగుతుందని చెప్పింది, ఆ రోజుల్లో నువ్వు దగ్గరుంటే నాకు ధైర్యం.

అమ్మ