మా ఊళ్లో పెట్టిన ఖర్చు మా ఊరి గోడకే అతికించండి

రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి గారికి నమస్కారం.

మాది మునుగోడు నియోజకవర్గం, మర్రిగూడ మండలం. పొద్దున్నే మా ఊరి హోటల్లో ఇద్దరు కూర్చుంటారు. వరసకు బావా బావమరుదులు, పార్టీలు వేరు. ఇచ్చినవాళ్ల పేరు బయటికి రాకుండా పార్టీలకు విరాళాలిచ్చే ఎన్నికల బాండ్ల వివరాలు 2024 మార్చిలో బయటపడినప్పటి నుంచి ఒకటే గొడవ. బీఆర్‌ఎస్ ఆయన “మీకు 6 వేల కోట్లు దాటింది కదా” అంటాడు. బీజేపీ ఆయన “ఒక్క రాష్ట్రం పార్టీకి 1,200 కోట్లు ఎవరిచ్చారు, ఎందుకిచ్చారు?” అంటాడు. కాంగ్రెస్ అభిమాని అయిన హోటలాయన నోరు మెదిపితే చాలు, ఇద్దరూ ఒక్కటై “మీ 1,400 కోట్ల సంగతి చెప్పు” అని మీద పడతారు. ఆ పథకాన్నే సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న కొట్టేసిందన్నది ముగ్గురికీ పట్టదు.

నాకు ఆ కోట్లు కంటికి ఆనవు. ఆనింది 2022 ఉప ఎన్నిక. నెల రోజులు మా ఇంట్లో పొయ్యి సరిగ్గా వెలిగింది లేదు. ఈ రోజు ఒక పార్టీ భోజనం, రేపు ఇంకొకరిది. పోలింగ్ ముందు రాత్రి తలుపు గొళ్లెంలో ఒక కవరు కనిపించింది. నోట్లకు పిన్ను గుచ్చిన చీటీ మీద మా ఇంటి ఓట్లు 4 అని రాసి, కొట్టేసి, పక్కన ఎర్ర ఇంకుతో 3 వేశారు. మా అమ్మాయి పెళ్లయి వెళ్లిపోయింది. ఓటర్ల జాబితాలో తన పేరు ఇంకా ఉంది కానీ, వాళ్ల చీటీలో లేదు! తిరిగిచ్చేశానని అబద్ధం చెప్పను.

అసెంబ్లీ అభ్యర్థి ఖర్చుకు పరిమితి 40 లక్షలు. టీకి ఇంత, కుర్చీకి ఇంత అని రేట్లు కడతారు. అభ్యర్థి రోజువారీ ఖాతా రాస్తాడు, ఎన్నికల ఖర్చు పరిశీలకుల సిబ్బంది వేరే ఖాతా రాస్తారు, ప్రచారంలోనే మూడుసార్లు రెండింటినీ పోల్చి చూస్తారు. పద్ధతి బాగానే ఉంది. పార్టీ పెట్టే ఖర్చుకు చట్టంలో పరిమితే లేదు, ఆ దొడ్డిదారి మూయడం మీ చేతిలో లేదని తెలుసు.

మీ చేతిలో ఉన్నదే అడుగుతున్నాను. పోల్చి చూసిన ఆ లెక్కను ఊరివారీగా, తెలుగులో, పోలింగ్‌కు ముందే పంచాయతీ గోడకు అతికించండి. ఫలానా రోజు ఎన్ని వాహనాలు, ఎన్ని భోజనాలు? తిన్నది మేమే కాబట్టి ఎంతమందిమి తిన్నామో మాకు తెలుసు. వెబ్‌సైటులో ఉందంటే, మా ఊళ్లో దాన్ని తెరిచి చూసేవారు ఎవరు?

1996లో నల్లగొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీ చేశారు. ఫ్లోరైడ్ నీళ్ల గోస దేశానికి తెలియాలని నామినేషన్లు వేసిన రైతులే అందులో ఎక్కువ. బ్యాలెట్ పత్రం పుస్తకమైంది. డిపాజిట్ అప్పుడు 500, ఆ ఏడాదే దాన్ని 10 వేలు చేశారు. ఆ నీళ్లతో వేళ్లు కొయ్యబారిన మా నాన్న డిపాజిట్ కోసం ఇంటింటికీ తిరిగి పది, ఇరవై పోగుచేసి, ఎవరెంత ఇచ్చారో బడి నోటుబుక్కులో రాయించి రచ్చబండ దగ్గర చదివించాడు. ఆ నోటుబుక్కు ఇంకా మా ఇంట్లోనే ఉంది. మీ సిబ్బందికి నమూనా కావాలంటే పంపిస్తాను.

ఇట్లు,
మర్రిగూడ మండలం ఓటరు