పరిష్కరించకుండానే నా ఫిర్యాదు ఎందుకు మూసేశారు?

కస్టమర్ కేర్ ఉన్నతాధికారి గారికి,

విషయం: ఎయిర్ రైఫిల్ స్కోప్ మౌంట్ (గురి చూసే దుర్భిణిని రైఫిల్‌కు బిగించే క్లాంపు) మీద నేను ఇచ్చిన ఫిర్యాదును నాతో మాట్లాడకుండానే మూసేయడం గురించి.

అయ్యా,

"మీ సమస్య పరిష్కారమైంది, మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు?" అని నిన్న మీ దగ్గర నుంచి మెసేజ్ వచ్చింది. ఎవరు పరిష్కరించారు? నాకు ఫోన్ చేసిన వాళ్లు లేరు, కొత్త మౌంట్ రాలేదు. ఆ మెసేజ్ చూశాక ఒళ్లు మండి ఈ లేఖ రాస్తున్నాను.

అసలు సమస్య చిన్నదే. స్ప్రింగ్‌తో పనిచేసే ఎయిర్ రైఫిల్ కాల్చగానే మొదట వెనక్కి, ఆ వెంటనే ముందుకి తన్నుతుంది. ఆ దెబ్బకు మౌంట్ కదలకుండా స్టాప్ పిన్ ఉండాలి. మీరు పంపినదానికి అది లేదు. కాసేపు కాల్చేసరికి స్కోప్ వెనక్కి జారుతోంది, చేసిన జీరో (గురి పెట్టినచోటే దెబ్బ తగిలేలా స్కోప్‌ను సరిచేసుకోవడం) అంతా పోతోంది. పిన్ ఉన్న మౌంట్ ఒకటి పంపి ఉంటే ఆ రోజే అయిపోయేది.

మీ నంబరుకు ఫోన్ చేస్తే హిందీకి ఒకటి, ఇంగ్లిష్‌కి రెండు నొక్కమన్నారు. తెలుగు లేదు. నాకొచ్చిన హిందీలోనే చెప్పుకున్నాను. ఫోన్ ఎత్తినతను స్క్రూలు ఇంకా బిగించమన్నాడు. అంతకంటే బిగిస్తే స్కోప్ ట్యూబ్ నొక్కుకుపోతుందంటే, ఫోటోలు మెయిల్ చేయమని పెట్టేశాడు. పంపాను. మళ్లీ ఫోన్ చేస్తే ఇంకొకరు ఎత్తి అవే ఫోటోలు అడిగారు. మళ్లీ పంపాను. తర్వాత ఒకావిడ పెట్టె విప్పినప్పటి వీడియో కావాలంది. కాలిస్తే బయటపడే లోపం పెట్టె విప్పే వీడియోలో ఎలా కనపడుతుంది? ఇంకొకాయన మౌంట్ తయారుచేసింది మేం కాదన్నాడు. రైఫిల్, స్కోప్, మౌంట్ మూడూ ఒకే సెట్‌గా మీ వెబ్‌సైట్‌లోనే కొన్నాను. బిల్లు మీద ఉన్నది మీ పేరే.

అన్నిటికంటే బాధపెట్టింది ఇది. "అడవిపందుల్ని కొడుతున్నారా? వేటకు వాడితే వారంటీ ఉండదు" అన్నాడు ఒకతను. వేట నేరమని 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం చెబుతుందని నాకూ తెలుసు. నేను కాల్చేది మా నిమ్మతోటలో, మట్టికట్టకు ఆనించి పెట్టిన కాగితం టార్గెట్ల మీద. వస్తువు బాగాలేదని చెప్పుకుంటే నన్ను దొంగలా నిలదీయడమేనా మీ పద్ధతి?

ఒకసారి మాత్రం తెలుగు అబ్బాయి దొరికాడు. "అన్నా, అంతా రాసిపెట్టాను, రేపు కొరియర్ వాళ్లు వచ్చి తీసుకెళ్తారు" అన్నాడు. ప్రాణం లేచొచ్చింది. ఎవరూ రాలేదు. అడిగితే పొదలకూరుకు పికప్ సౌకర్యం లేదన్నారు, ఆ అబ్బాయి రాసింది ఏదీ కనపడట్లేదన్నారు. పార్శిల్ తెచ్చి ఇవ్వడానికి ఉన్న దారి తిరిగి తీసుకెళ్లడానికి ఎందుకుండదు?

నేను మీకు కొత్తవాణ్ణి కాదు. నా మొదటి రైఫిల్ కూడా మీదే. అందులో వేసే పెల్లెట్లు (చిన్న గుండ్లు) ఏళ్లుగా మీ దగ్గరే తెప్పించుకుంటున్నాను. నెల్లూరులో నా మాట మీద మీ దగ్గర కొన్న స్నేహితులున్నారు. ఇప్పుడు వాళ్లకు నేనేం చెప్పాలి?

ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలని, నెలలోపు పరిష్కరించాలని 2020 ఈ-కామర్స్ నియమాల్లో ఉంది. మీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాసిన మెయిల్‌కు ఈ రోజుకీ జవాబు లేదు. ముందు నా ఫిర్యాదు మళ్లీ తెరవండి. తెలుగు వచ్చిన బాధ్యత గల మనిషి ఒకరు నాతో మాట్లాడాలి. సరైన మౌంట్ పంపుతారో, సెట్ మొత్తం వెనక్కి తీసుకుని డబ్బు ఇస్తారో అప్పుడు తేల్చుకుందాం. ఈసారీ పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తాను, నెల్లూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనుండే చోటే కేసు వేయొచ్చు, మీ ఊరికి రానక్కర్లేదు. మీ మెయిళ్లు, మెసేజ్‌లు అన్నీ నా దగ్గర భద్రంగా ఉన్నాయి.

ఇట్లు,
మీ పాత కస్టమర్,
పొదలకూరు, నెల్లూరు జిల్లా