కానరీ దీవులంటే బీచీలేనా?

సంపాదక మహాశయా,

ఆదివారం అనుబంధంలో, ఆఫ్రికా తీరానికి చేరువలో ఉన్న స్పెయిన్ వారి కానరీ దీవుల మీద వ్యాసం చూశాను. వేసిన ఫొటోలన్నీ సముద్రతీరాలే! ఒక పాట చిత్రీకరణకు కెమెరా సహాయకుడిగా అక్కడి టెనెరిఫే దీవికి వెళ్లొచ్చిన నాకు ప్రాణం ఉసూరుమంది.

స్పెయిన్‌లోకెల్లా ఎత్తైన టెయ్‌డే అగ్నిపర్వతం (సుమారు 3,715 మీటర్లు) ఆ దీవిలోనే ఉంది. ఈశాన్య గాలులు మోసుకొచ్చే మబ్బులు సాధారణంగా కొండ నడుము దగ్గరే ఆగిపోతాయి. కింద ఊళ్లో ముసురు పట్టినా పైన ఫెళ్లున ఎండ కాస్తుంటుంది. మబ్బుల పైన కెమెరా నిలబెట్టుకోవచ్చన్నమాట. మిగతా దీవులకొస్తే, లాంజరోటేలో 1730 నుంచి 1736 దాకా ఉబికిన లావా పరచిన నల్లటి నేల, లా గొమేరాలో పొగమంచు వీడని గరహోనాయ్ అడవి, గ్రాన్ కనారియాలో మాస్పలోమాస్ ఇసుక తిన్నెలు... వీటిలో ఒక్కటైనా వేయవలసింది. సహారా ధూళి గాలి వీచిన రోజు మాత్రం ఎంత ఖరీదైన లెన్సయినా దండగే.

నిబంధనల ఊసు కూడా వ్యాసంలో లేదు. టెయ్‌డే జాతీయ ఉద్యానంలో అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయకూడదు. లాంజరోటేలోని తిమన్‌ఫాయా ఉద్యానంలో అగ్నిపర్వతాల నడుమ తిప్పే బస్సులోంచి సందర్శకులను దిగనివ్వరు. మాస్పలోమాస్‌లో గుర్తులు పెట్టిన బాట దాటకూడదు; మన పాటల్లోలా తిన్నెల మీద దొర్లుతామంటే కుదరదు. అక్కడికి వెళ్లాలనుకునే యూనిట్లకు, పెళ్లి ఫొటోగ్రాఫర్లకు ముందుగా కావలసింది ఈ సమాచారమే. వచ్చే వారం బాక్సు కట్టి ప్రచురించగలరు.

– ఒక విశ్రాంత కెమెరా సహాయకుడు, హైదరాబాద్