రుసుముల లెక్క మొదటి పేజీలో ఉండాలి
దీర్ఘకాలిక మదుపు గురించి కొత్తవారికి చెప్పే పాఠాలు చాలావరకు రాబడి చుట్టూ తిరుగుతున్నాయే తప్ప, ఆ రాబడిని ఏటా కోసుకుపోయే రుసుముల (మన సొమ్మును నిర్వహించినందుకు మ్యూచువల్ ఫండు సంస్థ తీసుకునే మొత్తం) ఊసెత్తడం లేదు. చక్రవడ్డీ మహిమను అందరూ వర్ణిస్తారు. రుసుముల నష్టమూ చక్రవడ్డీ లెక్కనే పెరుగుతుందని చెప్పేవారు అరుదు. ఏటా 8 శాతం పెరిగితే 100 కాస్తా 30 ఏళ్లకు సుమారు 1,006 అవుతుంది. రుసుము పోను 7 శాతమే మిగిలితే 761 దగ్గరే ఆగిపోతుంది. ఒక్క శాతమే కదా అనుకున్నది దాదాపు పావు వంతు సంపదను మింగేస్తుంది, పైగా మార్కెట్ పడిపోయిన ఏడాదిలోనూ దాని వసూలు ఆగదు! బాగా చదువుకున్న ఉద్యోగులు సైతం తమ ఫండు ఏటా ఎంత తీసుకుంటోందో చెప్పలేకపోవడం నేను తరచూ గమనిస్తున్నాను. వారిని తప్పుపట్టలేం. నేను చూసిన పత్రాల్లో ఆ అంకె ఎక్కడో లోపలి పేజీలో, చిన్న అక్షరాల్లో, కేవలం శాతంగా ఉంది. ఆ ఏడాది ఖాతా నుంచి రుసుముగా పోయిన మొత్తాన్ని వార్షిక వివరాల మొదటి పేజీలోనే, శాతంగా కాకుండా సొమ్ముగా, పెద్ద అక్షరాలతో చూపాలని నియంత్రణ సంస్థలు నిబంధన పెట్టాలి. ఉన్నత పాఠశాల గణితంలోని చక్రవడ్డీ పాఠానికి రుసుము, ద్రవ్యోల్బణం తీసివేసి చేసే లెక్కలనూ జోడించాలి.