ఎడిషన్ ఏడాది రాయండి: కడప పైపింగ్ డిజైనర్ల సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మనం కూర్చున్నప్పుడల్లా మాట ఒకదాని మీదికే పోయింది. కోడ్ (పైపుల డిజైను నియమాల పుస్తకం) మారింది, మరి మన డ్రాయింగులు మారాయా? ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల్లో, ముద్దనూరు దగ్గరి థర్మల్ కేంద్రంలో కాంట్రాక్టు పనులు చేసేవాళ్లు, హైదరాబాదు కన్సల్టెన్సీలకు ఇంటినుంచే ఐసోలు (ఒక్కో పైపు లైనును కొలతలతో చూపే ఐసోమెట్రిక్ డ్రాయింగులు) గీసేవాళ్లు మనలో ఎక్కువ. ఫ్యాక్టరీల ప్రాసెస్ పైపింగుకు వాడే కోడ్, అంటే అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం వారి ఏఎస్‌ఎంఈ బి31.3, రెండేళ్లకోసారి కొత్తగా వస్తుంది: 2020, 2022, 2024. మన బీరువాలో మాత్రం మొన్నటిదాకా 2016 పుస్తకమే ఉండేది, అదీ అట్ట ఊడిపోయి.

మొదటి రెండు సమావేశాలు పైపు మందం లెక్కకే పోయాయి. ఊరికే పోయాయని నా అభిప్రాయం. ఆ సూత్రం మారలేదు. 168.3 మి.మీ. బయటి వ్యాసం, 50 బార్ ప్రెషర్, ఏ106 గ్రేడ్ బి కార్బన్ స్టీలు, మామూలు ఉష్ణోగ్రత అనుకుందాం. లెక్కకు 3 మి.మీ. వస్తుంది. తుప్పుకు 1.5 కలిపి, మిల్ టాలరెన్స్ (తయారీలో మందం తగ్గే వీలు) 12.5 శాతం చూసుకుంటే 5.15. బజారులో దొరికే షెడ్యూల్ 40 మందం పైపు 7.11 ఉంటుంది, చాలు. పాత పుస్తకం పట్టుకున్నా ఇదే జవాబు.

అసలు మార్పంతా టీ జాయింట్ల దగ్గరుంది, అంటే పెద్ద పైపు (హెడర్) నుంచి పక్క పైపు (బ్రాంచి) చీలేచోట. స్ట్రెస్ ఎంత పెరుగుతుందో చెప్పే గుణకాలు ఇదివరకు అపెండిక్స్ డి లో ఉండేవి. 2020 ఎడిషన్‌లో దాన్ని తీసేసి, ఈ గుణకాలకే ఉన్న వేరే పుస్తకం బి31జె చూసుకోమన్నారు. పాత లెక్కలో టీ అంటే బిగదీసిన దిమ్మ. కొత్త లెక్కలో దానికీ కొంత వంగే గుణముంది, హెడర్‌కూ బ్రాంచికీ గుణకాలు వేరువేరు. మన సభ్యుడొకరు పాత థర్మిక్ ఫ్లూయిడ్ (వేడి నూనె) లైను కంప్యూటర్ మోడల్‌ను కొత్త పద్ధతిలో నడిపి చూపించారు. ఒక బ్రాంచి దగ్గర స్ట్రెస్ తగ్గింది, ఇంకోచోట హద్దు దాటింది. పైపు పక్కకు జరగకుండా పట్టే గైడు సపోర్టు ఒకదాని చోటు మారిస్తే సర్దుకుంది. ఆ చర్చ ఎంతసేపు సాగిందంటే, టీ గురించి మాట్లాడుతూ కప్పుల్లో టీ చల్లార్చుకున్నాం.

ఇక నా గోడు. నేను చేసిన ఒక పనిలో డ్రాయింగు మీద 'లేటెస్ట్ ఎడిషన్ ప్రకారం' అని ఉంది, ఏడాది లేదు. పని సగంలో ఉండగా కొత్త ఎడిషన్ వచ్చింది. లెక్కలన్నీ మళ్లీ చేయమని క్లయింటు, డబ్బులు ఎవరిస్తారని కాంట్రాక్టరు. మధ్యలో టెన్షన్ నాది. దీనికి జవాబు కోడ్ ముందుమాటలోనే ఉంది: వేరే ఒప్పందం గానీ ప్రభుత్వ నిబంధన గానీ లేకపోతే, అసలు కాంట్రాక్టు తేదీకి కనీసం 6 నెలల ముందు వెలువడినవాటిలో తాజా ఎడిషనే పని పూర్తయ్యేదాకా వర్తిస్తుంది. ఆ పేజీ మనవాళ్లు చదవరు, నేనూ చదవలేదు. ఇకమీదట డ్రాయింగు మూలనుండే టైటిల్ బ్లాకులో ఎడిషన్ ఏడాది తప్పనిసరిగా రాయాలని తీర్మానించాం.

ఆవిరి లైన్ల విషయం క్లుప్తంగా. 1923 నాటి బాయిలర్ల చట్టం పోయి 2025 చట్టం వచ్చింది. అంతమాత్రాన ఐబీఆర్ (ఇండియన్ బాయిలర్ రెగ్యులేషన్స్) పోయిందనుకోవద్దు. ఆ పరిధిలోకి వచ్చే లైనుకు బి31.3 ఒక్కటే చూపిస్తే ఇన్‌స్పెక్టర్ ఒప్పుకోరు.

ఎండాకాలంలో కుర్రవాళ్ల కోసం హైడ్రో టెస్ట్ (పైపులో నీళ్లు నింపి ప్రెషర్ పెట్టి లీకులు చూసే పరీక్ష) క్లాసు పెట్టాం. డిజైన్ ప్రెషర్‌కు 1.5 రెట్లు, కనీసం 10 నిమిషాలు, ఇవి అందరికీ తెలుసు. మే నెల కడప ఎండలో వాల్వులన్నీ మూసి అన్నానికి వెళ్తే ఏమవుతుందో తెలియదు. లోపలి నీళ్లు వేడెక్కి గేజ్ ముల్లు దానంతటదే పైకి పోతుంది. నీళ్ల వ్యాకోచానికి జాగ్రత్త తీసుకోమని కోడ్ కూడా చెబుతోంది. టెస్టు పొద్దున్నే పెట్టుకోండి, రిలీఫ్ వాల్వు మరవకండి.

చందాల్లో పెద్ద భాగం 2024 పుస్తకానికే పోయింది. జిరాక్సు అడగొద్దు, కాపీరైట్ ఉంది. ఆదివారాలు వచ్చి చదువుకోవచ్చు, నోట్స్ రాసుకోవచ్చు. బి31జె ఇంకా కొనాలి. చందా బాకీ ఉన్నవాళ్లు ఈ నెలలోనే కోశాధికారిని కలవండి.

కార్యదర్శి